ఒళ్లు వెతుక్కునే అలవాటు

పొద్దుగూకి మంద ఇల్లు చేరాక పాలమూరు పల్లెల్లో ఒక పని తప్పక జరుగుతుంది. మేకపిల్లను రెండు మోకాళ్ల మధ్య అదిమి పట్టి చెవి మడత తిరగేసి చూస్తారు. తోక కింద, పొదుగు పక్కన, గిట్టల సందున వేళ్లు పోనిస్తారు. వేలికి గట్టిగా గోమారు (పిడుదు) తగలగానే గోరుతో లాగేస్తారు. వనపర్తి పక్క గొర్లు కాసే ఇంట్లోనైనా, అమ్రాబాద్ మండలంలో పొడ తూర్పు పశువులు పెంచే తండాలోనైనా ఇది ఎవరూ నేర్పనక్కర్లేని పని. జీవాన్ని అంత శ్రద్ధగా వెతికిన మనిషి, అదే గడ్డిలో తిరిగొచ్చిన తన ఒళ్లు మాత్రం చూసుకోడు. కాళ్లు కడుక్కుని తిని పడుకుంటాడు. ఈ అధ్యాయంలో మీ చేత పట్టించాలని నేను కోరుకుంటున్న అలవాటు ఒక్కటే: బయట తిరిగొచ్చిన రోజు మీ ఒళ్లు మీరు వెతుక్కోవడం. మిగతా జాగ్రత్తలన్నీ దానికి తోడు.

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున రాత్రి గుడారం వేసుకునే కుర్రాళ్లకు, ఫరహాబాద్ దారిలో అడవి చూడటానికి వచ్చేవాళ్లకు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి లింగమయ్యను తలుచుకుంటూ దిగే భక్తులకు ఇది ఎంత అవసరమో, ఏటి గట్టున మేకలు తోలుకునే పిల్లవాడికీ అంతే అవసరం. నిజానికి వాడికే ఎక్కువ అవసరం. పట్నం వాళ్లు ఏడాదికి ఒకసారి వస్తారు, వాడు రోజూ ఆ గడ్డిలోనే ఉంటాడు.

గోమారు మన మీదికి ఎలా ఎక్కుతుందో ముందు తెలియాలి. అది ఎగరదు, దూకదు. చెట్టు మీది నుంచి నెత్తిన పడుతుందని చాలామంది అనుకుంటారు కానీ అదీ నిజం కాదు. గడ్డిపోచ కొసకో, పొద ఆకు చివరకో పాకి, వెనక కాళ్లతో పట్టుకుని ముందు కాళ్లు గాలిలోకి చాచి కూర్చుంటుంది. ఆ ముందు కాళ్ల మీదే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వేడిని, వాసనను పసిగట్టే అవయవం ఉంటుంది. మన పిక్క రాసుకుంటే చాలు, అంటుకుంటుంది. పశువుల మీద కనిపించే హయలోమా జాతి ఇంకో రకం. దాని కాళ్ల మీద తెల్లని పట్టీలుంటాయి, దానికి కళ్లున్నాయి. అది కాచుక్కూర్చోదు, నేల మీద మనిషి వైపో పశువు వైపో పరుగెత్తుకుంటూ వస్తుంది. ఏ రకం గోమారైనా ఒంటి మీదికి ఎక్కాక వెంటనే కుట్టదు. పైకి పాకుతూ చర్మం పలచగా, తేమగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. కుట్టేటప్పుడు దాని లాలాజలం అక్కడ మొద్దుబారేలా చేస్తుంది కనుక నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కుట్టలేదనుకోవడమే అసలు చిక్కు. పెద్ద గోమారు రోజుల తరబడి అలాగే అతుక్కుని రక్తం తాగుతుంది. చాలా రకాల సూక్ష్మజీవులు దాని ఒంట్లోంచి మన ఒంట్లోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే దాన్ని తీసేయగలిగితే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఒళ్లు వెతుక్కోమని ఇంతగా చెప్పడం అందుకే.

అడవి అంటే భయపడి, ఊరి పొలిమేర అంటే నిశ్చింతగా ఉంటాం. గోమార్ల విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. అవి ఎక్కువగా ఉండేది దట్టమైన చెట్ల నడిమధ్యన కంటే జంతువులు నడిచే బాట పక్కన, పడుకునే చోట, నీళ్లకు దిగే రేవు దగ్గర. దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు తిరిగే అడవి అంచుల్లోకే ఊరి పశువులూ మేతకు వెళ్తాయి. ఒకదాని మీద నుంచి రాలిన గోమారు ఇంకోదాని కోసం అక్కడే కాచుకుంటుంది. సోమశిలనే తీసుకోండి. శ్రీశైలం వెనుకజలాలు తగ్గుముఖం పట్టాక ఒడ్డున ఒండ్రు తేలి దాని మీద పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల పశువులన్నీ అక్కడికే వస్తాయి. నది కనబడేలా గుడారం వేసుకోవడానికి అందరికీ నచ్చేదీ ఆ పచ్చికే. దాన్ని వదిలేసి కాస్త పైన, గడ్డి లేని రాతి నేల మీదో, ఎండ బాగా తగిలే గట్టి నేల మీదో వేసుకోండి. నడక ఇంకో నాలుగు అడుగులు పెరుగుతుంది, అంతే.

గొర్ల మంద పెట్టించిన చేను ఇంకా మోసం చేస్తుంది. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో కాపరుల చేత మంద పెట్టించడం గద్వాల, వనపర్తి పల్లెల్లో పాత అలవాటు. మంద లేచిపోయాక చేను చదునుగా, గడ్డిపోచ లేకుండా, పడుకోవడానికి అనువుగా కనిపిస్తుంది. ఎండిన పెంటికలు కనబడితే అక్కడ కూర్చోవద్దు. గద్వాల వైపు నడిగడ్డలో కాలువ గట్ల వెంట, చెరువు కట్టల కింద సర్కారు తుమ్మ నీడ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మనుషులకూ కుక్కలకూ బర్రెలకూ అదొక్కటే నీడ. పశువు పడుకున్న గుంట పక్కనే తువ్వాల పరుచుకుని అన్నం మూట విప్పేముందు ఒకసారి నేల చూడండి. కాపరి గొంగడి కూడా అంతే. మంద పక్కన పరిచిన గొంగడి మీద కూర్చోమని ఆయన ఆదరంగా పిలిస్తే కాదనడం కష్టమే. కూర్చోండి, కానీ ఇంటికొచ్చాక ఒళ్లు చూసుకోవడం మానకండి.

ఇంటర్నెట్‌లో ఈ విషయం వెతికితే లైమ్ వ్యాధి గురించే పుటలకు పుటలు వస్తాయి. అమెరికాలోనూ యూరప్‌లోనూ అది పెద్ద సమస్య. మన దక్కన్ నేల మీద పట్టించుకోవాల్సినవి వేరు. మొదటిది స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చేది గోమారు కాదు, దానికి దూరపు చుట్టమైన ఒక నల్లి పిల్ల (మంచంలో ఉండే నల్లి కాదు). ఎలుకలు తిరిగే పొదల్లో, పొలం గట్ల మీది గడ్డిలో ఉంటుంది. మిల్లీమీటరులో నాలుగైదో వంతు కనుక కంటికి ఆనదు. వానలు పడ్డాక, ఆగస్టు నుంచి చలికాలందాకా ఎక్కువ. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కేసులు వార్తల్లోకి ఎక్కినప్పుడు ఇదేదో కొత్త పురుగని జనం బెదిరిపోయారు. పురుగు కొత్తది కాదు, రోగమూ కొత్తది కాదు. గుర్తించడమే ఆలస్యమవుతోంది. రెండోది గోమార్ల వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్. ఇందులో జ్వరంతో పాటు ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్రని దద్దు కనిపించవచ్చు. కుక్క గోమారు దీన్ని మోయగలదు కనుక వాకిట్లో మంచం కింద పడుకునే కుక్కను కూడా మేకను చూసినట్టే చూడాలి.

ఇంకో రెండు మన జిల్లాలవి కావు గానీ వేరే రాష్ట్రాలవి, తెలిసి ఉండాలి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరుసగా చచ్చిపడ్డాయి, తర్వాత మనుషులకు జ్వరాలు వచ్చాయి. గోమార్ల ద్వారా వచ్చే ఆ వైరస్ వ్యాధికి ఆ అడవి పేరే పెట్టారు. అక్కడి జనం కోతి జ్వరం అంటారు. ఆ తర్వాత కేరళ, గోవా, మహారాష్ట్ర, తమిళనాడు అడవుల్లోనూ బయటపడింది. అందుకే నల్లమలలో ఎక్కడైనా కోతి గానీ కొండముచ్చు గానీ చచ్చి కనబడితే ముట్టుకోకుండా, దగ్గరికి పోకుండా అటవీశాఖ సిబ్బందికి చెప్పండి. రెండోది గుజరాత్‌లో 2011 జనవరిలో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరం. రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, సేవ చేసిన నర్సు కూడా చనిపోయారు. ఆ వైరస్‌ను మోసేది ఇందాక చెప్పిన హయలోమా జాతే. గోమారు కుట్టినా వస్తుంది, దాన్ని చేత్తో నలిపినా రావచ్చు. జబ్బు పట్టిన పశువు రక్తం తగిలినా రావచ్చు.

ఈ నలపడం గురించి కాపరులకు గట్టిగా చెప్పాలి. మేక చెవిలోంచి తీసిన గోమారును గోళ్ల మధ్య చిట్లించడం, రాయి మీద పెట్టి బొటనవేలితో నొక్కడం చేతికి అలవాటైన పని. నల్లని రక్తం వేళ్లకు అంటుతుంది. ఆ చేతులతోనే బీడీ ముట్టిస్తారు. పీకిన వాటిని సబ్బునీళ్ల డబ్బాలోనో కిరోసిన్ డబ్బాలోనో వేయండి, అందులోనే చస్తాయి. రబ్బరు తొడుగులు దొరక్కపోతే చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇందులో పెద్దగా ఖర్చు లేదు.

ఇక బట్టలు. పొడుగు చేతుల చొక్కా, పాదాలదాకా ప్యాంటు, దాని అంచులు మేజోళ్లలోకి దోపుకోవడం, చొక్కా ప్యాంటులోకి దోపుకోవడం, ఇంతే సూత్రం. చూడటానికి బాగుండదని పిల్లలు ఒప్పుకోరు. ఎందుకో చెప్పండి: గోమారు కిందనుంచి పైకే పాకుతుంది. దోపుకున్న బట్ట మీద పాకినంతసేపూ అది మనకు కనిపిస్తుంది. ఆ కనిపించడం కోసమే బట్టలు లేత రంగువి కావాలి, నల్లవాటి మీద కనబడదు. సలేశ్వరం దారిలో చాలామంది చెప్పుల్లేకుండా, పంచె పైకెగ్గట్టి నడుస్తారు. మొక్కును నేను కాదనను. అయితే బాట నడుమ నడవండి, పక్క గడ్డిలోకి దిగకండి, అలసిపోతే బండ మీద కూర్చోండి, నేల మీద వాలిపోకండి. ఒక దుప్పటి మడిచి భుజాన వేసుకుంటే బరువేమీ కాదు. సోమశిలలాంటి చోట రాత్రికి ఆగితే గుడారానికి అడుగు గుడ్డ కుట్టి ఉన్నదే ఎంచుకోండి, జిప్పు ఎప్పుడూ వేసి ఉంచండి.

పూసుకునే మందుల్లో డీట్ అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉన్నది గోమార్ల మీద బాగా పనిచేస్తుంది. పికారిడిన్ ఉన్నవీ పనిచేస్తాయి. దోమల క్రీములన్నీ ఒకటి కావు, డబ్బా మీద ఏముందో చదివి కొనండి. కర్ణాటకలో కోతి జ్వరం ఉన్న ఊళ్లలో డెపా అనే నూనె పంచుతారు. గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధన సంస్థ తయారు చేసిన మందు అది. మన ఏప్రిల్ ఎండలో చెమటకు ఏ మందైనా కారిపోతుంది కనుక డబ్బా మీద రాసిన గడువు ప్రకారం మళ్లీ రాసుకోవాలి. బట్ట కప్పిన చోట రాయక్కర్లేదు. పిల్లల చేతి వేళ్లకు రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండేళ్ల లోపు పిల్లలకైతే డాక్టరును అడిగాకే. పెర్మెత్రిన్ అనే మందు 0.5 శాతం ద్రావణంగా బట్టలకు, బూట్లకు పట్టించేది. అది చర్మానికి కాదు. ఇక్కడ ఒక ప్రమాదం చెప్పాలి. పశువుల ఒంటికి కొట్టే గోమార్ల మందు ఇంట్లో ఉంటుంది, అదే నాలుగు చుక్కలు కాళ్లకు రాసుకుంటే పోలేదా అనిపిస్తుంది. డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటివి మనిషి ఒంటికి రాసుకునేవి కావు. పశువుకు కొట్టేటప్పుడే ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి.

గడ్డికి నిప్పు పెడితే గోమార్లు చస్తాయనే మాట కూడా వినిపిస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ప్రతి వేసవీ అటవీశాఖ వాళ్లు మంటలతో పోరాడుతూనే ఉంటారు. అడవికి నిప్పు పెట్టడం నేరం. పైగా కాలిన చోట మొలిచే లేత గడ్డికే దుప్పులూ పశువులూ మళ్లీ వస్తాయి, వాటి వెంట గోమార్లూ వస్తాయి.

ఇప్పుడు అసలు పని. ఇంటికి చేరగానే, పడుకునేలోపు, వీలైతే రెండు గంటల్లోపు స్నానం చేయండి. వేసుకున్న బట్టలను మంచం మీద పడేయకుండా విడిగా ఉంచి మరిగే నీళ్లలో నానబెట్టండి. చన్నీళ్లలో ఉతికితే గోమార్లు చావవు. సబ్బు రాసుకునేటప్పుడు చూపు కంటే వేళ్లే బాగా పట్టిస్తాయి. గోమారు పిల్లలు ఒక మిల్లీమీటరు ఉంటాయి, పుట్టుమచ్చలాగే కనబడతాయి, కానీ వేలికి గరుకుగా తగులుతాయి. చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట, చంకల్లో, బొడ్డులో, గజ్జల్లో, మోకాలి మడత వెనక, కాలివేళ్ల సందుల్లో వెతకండి. బట్ట బిగుతుగా ఉన్న చోట నల్లి పిల్లలు ఆగిపోతాయి. మగవాళ్లు మొలతాడు కింద, ఆడవాళ్లు లంగా బొందు కట్టే నడుము చుట్టూ, రవిక అంచు కింద, రొమ్ముల కింద తప్పకుండా చూసుకోవాలి. వీపు మనకు మనం చూసుకోలేం. ఇంట్లో ఒకరినొకరు చూసుకోవాలి. సిగ్గుపడాల్సిన పని కాదు. పిల్లల తల తల్లి ఎలాగూ పేను చూస్తుంది, అలాగే కూర్చోబెట్టి చెవులు, మెడ, జుట్టు కుదుళ్లు చూడండి. మర్నాడు పొద్దున మరోసారి చూస్తే ఇంకా మంచిది. రాత్రి కనబడనిది రక్తం తాగి పొద్దుటికి కాస్త ఉబ్బి దొరుకుతుంది.

దొరికితే కంగారు పడొద్దు. సన్న మొన ఉన్న పట్టకారు తీసుకుని, గోమారు పొట్టను కాకుండా దాని నోరు చర్మంలో దిగిన చోట, చర్మానికి ఆనించి పట్టుకోండి. మెలితిప్పకుండా, విదిలించకుండా నెమ్మదిగా నిటారుగా పైకి లాగండి. ఒకట్రెండు నిమిషాలు పట్టవచ్చు. పట్టకారు లేకపోతే సన్నని దారం చర్మం దగ్గర ముడివేసి లాగవచ్చు. నోటి ముక్క లోపల మిగిలిపోతే తేలిగ్గా వస్తే తీయండి, రాకపోతే సూదితో కెలకొద్దు, చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. తీశాక సబ్బుతో కడిగి స్పిరిట్ గానీ అయోడిన్ గానీ రాయండి. బీడీతో చురక పెట్టడం, కిరోసిన్ పోయడం, సున్నం రాయడం, జండూబామ్ పట్టించడం ఏవీ వద్దు. అవి తగిలితే గోమారు ఉక్కిరిబిక్కిరై కడుపులో ఉన్నది మన ఒంట్లోకే కక్కే ప్రమాదం ఉంది. తీసిన తేదీ, ఒంటి మీద ఏ చోట, ఎక్కడికి వెళ్లొచ్చారు, ఈ మూడూ ఫోనులోనో క్యాలెండరు మీదనో రాసుకోండి.

ఆ రాసుకున్న తేదీ నుంచి మూడు వారాలు ఒంటిని గమనించుకోవాలి. స్క్రబ్ టైఫస్ సాధారణంగా 6 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. గట్టి జ్వరం, చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని చెక్కు కట్టి చుట్టూ ఎర్రగా ఉంటుంది. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, పైగా చంకలోనో గజ్జలోనో దాక్కుని ఉంటుంది, అందరిలోనూ కనబడదు కూడా. మన పల్లెల్లో జ్వరం వస్తే ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాం. ఆయన ఒక ఇంజెక్షన్ వేస్తాడు. జ్వరాలకు ఎక్కువగా వాడే సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు ఈ సూక్ష్మజీవి మీద పనిచేయవు. మలేరియా లేదని, డెంగీ లేదని కాగితాలు వస్తాయి. రోజులు గడుస్తాయి, ఈలోగా ఊపిరితిత్తులకో మూత్రపిండాలకో మెదడుకో పాకుతుంది. పనిచేసే మందు డాక్సీసైక్లిన్. ఎప్పటినుంచో ఉన్నది, చవకైనది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా అనుమానంతోనే డాక్టరు మొదలుపెట్టవచ్చు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఏది, ఎంత, ఎన్నాళ్లన్నది డాక్టరే చెప్పాలి, మందుల దుకాణంలో అడిగి కొనుక్కునేది కాదు.

ఆ అనుమానం డాక్టరుకు రావాలంటే మీరు నోరు విప్పి చెప్పాలి. ఇదే అందరూ మర్చిపోయే మాట. “సార్, పది రోజుల కింద సలేశ్వరం పోయొచ్చిన. కాలికి గోమారు పట్టింది, తీసేసిన” అనండి. లేదా “మేం గొర్లు కాస్తం, గట్టు మీద గడ్డి కోసిన” అనండి. ఎవరూ అడగకపోయినా చెప్పండి. నల్ల చెక్కు ఏమైనా ఉందేమో ఒళ్లంతా చూడమని మీరే అడగండి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరం తెమలకపోతే హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, ముందు వాటి ఆసుపత్రులకు వెళ్లండి. సరైన మందు పడితే ఈ జ్వరం సాధారణంగా 48 గంటల్లో దిగుతుంది. మూడో రోజుకీ దిగకపోయినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా ఇంట్లో ఆగకుండా మళ్లీ ఆసుపత్రికి వెళ్లండి, రాసుకున్న ఆ తేదీ కాగితం వెంట తీసుకెళ్లండి.